అరవై నాలుగు గడులు

ద్వారకానగర్, మూడో అంతస్తు, రాత్రి డ్యూటీ.
ఏసీకి భయపడి శాలువా కప్పుకుని కూర్చుంటాను.
ఎదురుగా గోడంత తెర,
తెర మీద వరసకి ఎనిమిది చొప్పున ఊరు.

పాత సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో స్విచ్‌నీ
తలుపు కొట్టి పలకరించాల్సి వచ్చేది.
గాజువాక బాగుందని చూసొచ్చేలోగా
గోపాలపట్నం పడిపోయేది.
ఇప్పుడు మౌస్‌ని ఆ మూల నుంచి ఈ మూలకి
అలా ఈడిస్తే చాలు,
పెందుర్తి, ఎండాడ, సింధియా, భీమిలి
ఒక్క కిటికీలో పక్కపక్కన కూర్చుంటాయి,
కాంప్లెక్స్‌లో ఆఖరి బస్సు కోసం ఆగినవాళ్లలా,
ఒకరితో ఒకరికి పనిలేకుండా.

మొదటి నెల అన్నీ చూశాను.
అంటే ఏదీ చూడలేదు.
అరవై నాలుగు పచ్చచుక్కలు కలిసిపోయి
ఒక్కటే పచ్చ, వానల్లో యారాడ కొండలా.
"గడి మీద కాదమ్మా, గోడ మీద పెట్టు కళ్లు" అన్నారు సోమినాయుడు గారు.
"తేడా అన్నది అదే వచ్చి నీ కంట్లో పడతాది."
పోర్టులో ముప్పై ఏళ్లు క్రేన్ల దగ్గర నిలబడిన మనిషి.
ఇక్కడ టీ, తాళాలు, రాత్రి కాపలా ఆయనవి.

డబ్బాలకి పేర్లు పెట్టింది లైన్‌మన్ ఎరకయ్య.
ఆఫీసు ఇచ్చిన కోడ్‌లు అతని నోట తిరగలేదు.
అందుకని తెర మీద ఇలా ఉంటుంది విశాఖపట్నం:
చేపల రేవు ఐసు ఫ్యాక్టరీ వెనక.
కంచరపాలెం మెట్టు, నూకరత్నం టిఫిన్ల పైన.
మల్కాపురం, కుక్క ఉంది జాగ్రత్త.
హైదరాబాదు నుంచి వచ్చిన మేనేజరు నవ్వి
అన్నీ కోడ్‌లకి మార్చేయమన్నాడు.
సరేనన్నాం. మార్చలేదు.
ఆ కుక్క పోయి రెండేళ్లయిందట.
పింగ్ వేస్తే ఇప్పటికీ పలుకుతుంది,
పదకొండు మిల్లీసెకన్లలో.

మొన్న రాత్రి రెండూ పదికి
ఆరో వరసలో మూడోది ఎర్రబడింది.
నేను వెతకలేదు. అదే వచ్చి పడింది.
చుట్టూ అన్నీ పచ్చగానే ఉన్నాయి,
గాలి లేదు, వాన లేదు, సముద్రం వైపు నుంచి వట్టి ఉక్క.
గడి మీద పేరు: మా మేడ గది.

మా అంటే ఎరకయ్యది. ఫోన్ చేశాను.
ముందు పిల్ల ఏడుపు వినిపించింది, తర్వాత అతను.
"గుంటకి జరం మేడమ్. ఆయాసం.
ఆవిరి మిషనుకి ప్లగ్గు కావాల.
గదికి ఉన్నదే ఒక్క ప్లగ్గు. మీ డబ్బా పీకేసినాను.
తెల్లారగానే పెట్టేస్తాను, పైకి రాసీకండి."

ఆ డబ్బా కింద నూట పన్నెండు ఇళ్లు.
ఎవడో సినిమా చివర్లో ఆగిపోయి
మమ్మల్ని తిడుతూ ఉంటాడు.
ఎవరో షిప్పు మీదున్న మొగుడితో
మాట మధ్యలో తెగి, చీకటి ఫోన్‌ని ఊపుతూ ఉంటుంది.
ఇదేదీ తెర చూపదు.
ఆ ఒక్క ప్లగ్గునీ చూపదు.

కారణం అన్న గడిలో కర్సర్ మిణుకుమంటోంది.
"కరెంటు కోత" అని రాశాను.
అబద్ధం ఏముంది, ఉన్న కరెంటునే కదా
కోసి పంచుకున్నాడు.
ఆరింటి దాకా అలారం నోరు నొక్కాను.

సోమినాయుడు గారు టీ తెచ్చి తెర వంక చూశారు.
"ఒకటి ఎర్రగున్నాదేటమ్మా?"
"ఉండనివ్వండి" అన్నాను.
ఇంకేమీ అడగలేదాయన. గ్లాసు కింద కాగితం పెట్టి వెళ్లారు.

అప్పుడు కనిపించాయి మిగతా అరవై మూడూ,
విడివిడిగా.
నాలుగింటికి నూకరత్నం గ్రైండరు మొదలవుతుంది,
రేవులో బోట్ల మీదికి మంచు గడ్డలు ఎక్కుతాయి,
ఒక్కో పచ్చచుక్క వెనకా ఒక్కో ప్లగ్గు,
ఎవరో ఇంకేదో పీకేసి మనకిచ్చింది.
ఇన్నాళ్లూ దాన్ని సిగ్నల్ అనుకున్నాను.

ఐదూ నలభైకే వెలిగింది ఆరో వరస మూడోది.
ఫోన్ చేద్దామని నంబరు దాకా వెళ్లి ఆగాను.
ఇప్పుడే కునుకు పట్టి ఉంటుంది.

పింగ్ మాత్రం వేశాను, ఒక్కసారి, మెల్లగా,
మెల్లగా వేయడానికి వీలున్నట్టు.
పలికింది.